అంచున మిగిలిన పాఠం

యేసు మరియ జోజప్పల తోడు

అమ్మాయి కృపకి నీ మేనత్త అమలమ్మ రాసేది.

నేను క్షేమం అని మొదట రాయాలంట. క్షేమంగా లేను. అయినా రెండు పూటలా తింటున్నా, బీపీ మాత్ర వేసుకుంటున్నా. నువ్వు అడుగుతావని రాశా.

ఫోను చెయ్యొచ్చుగా అత్తా అంటావు. ఫోనులో వాడి పేరెత్తగానే నాకు ఏడుపొచ్చేస్తది, అవతల నువ్వు హలో హలో అంటా ఉంటావు. కాగితమయితే ఏడ్చి, మొహం కడుక్కొచ్చి, ఆపిన కాడ్నించి మళ్ళీ రాసుకోవచ్చు.

మీ శౌరి బావ పోయి మొన్న జూనుకి ఏడాది దాటింది. వాడు పోయిన మూడు నెలలకే బుడమేరు పొంగి మా సింగ్ నగరంతా మునిగింది కదా. వాడు కంప్యూటర్ నేర్పిన షాపులో నడుం పైదాకా నీళ్ళు. మిషన్లన్నీ పోయినయ్. వాడి పుస్తకాలు గుజ్జయిపోయినయ్. బురద ఎత్తిపోస్తుంటే అట్టపెట్టెలో పదకొండు డిస్కులు దొరికినయ్. వాడు 2003లో చేసిన 'అమ్మ పలక' డిస్కులే. చదువు రాని ఆడోళ్ళకి కంప్యూటర్లో అక్షరాలు నేర్పే ముప్పై పాఠాలు, అన్నీ వాడి గొంతుతోనే. మద్రాసులో మూడొందలు అచ్చు వేయించి ఊరూరా పంచాడు. మొదట నేర్చుకుంది నేనే. ఈ అక్షరాలన్నీ వాడు పెట్టిన భిక్షే.

ఇప్పుడవి ఏ మిషన్లోనూ ఆడట్లేదు. నువ్వు హైదరాబాదు లైబ్రరీలో చేసేది ఇదే పని కదా, పాత డిస్కులకి అచ్చంగా అట్టాంటి కాపీ తీసి దాయటం. నవంబరు రెండున సమాధుల పండక్కి, వాడి సమాధి కాడ వాడి గొంతు వినిపియ్యాలని నా కోరిక. బురద ఒక్క చుక్క లేకుండా తళతళలాడేట్టు తోమాను. అన్నింట్లోకీ బాగా మెరిసేది చూసి పంపుతున్నా.

నీ అత్త
అమలమ్మ
జూలై 14, 2025, సింగ్ నగర్, విజయవాడ

* * *

హైదరాబాద్
22 జూలై 2025

అత్తకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. దస్తూరీ ఎంత గుండ్రంగా ఉందో! తేదీ మాత్రం పైన రాస్తారు అత్తా, నువ్వు కింద రాశావు. పర్లేదు, అలాగే రాయి. నాకు బాగుంది.

డిస్కు అందింది. ఒక మాట అడుగుతాను, కోప్పడకు. దీన్ని దేంతో తోమావు? కింది వైపంతా గుండ్రంగా గీతలు పడ్డాయి. మిషన్ లోపల ఒక సన్నటి వెలుగు ఆ వైపు నుంచే చదువుతుంది. గీత ఉన్నచోట దానికి కళ్ళు కనపడవు. మా దగ్గర మూడు రకాల పాత డ్రైవులున్నాయి, మూడింట్లోనూ పెట్టాను. రెండు ఒప్పుకోలేదు. మూడోది చదివింది గానీ రెండొందల పద్నాలుగు చోట్ల తప్పులు చూపించింది.

మిగతా పదీ పంపు. దయచేసి ఇంక తోమకు. తడిగుడ్డ కూడా వద్దు. పాత మెత్తటి చీర ముక్కల్లో విడివిడిగా చుట్టి పంపు.

వేళకి తిను. నాన్న నిన్ను అడిగానని చెప్పమన్నాడు. ఆయన సంగతి తెలుసుగా, తనే ఫోను చేసి అడగడు.

నీ
కృప

* * *

యేసు మరియ జోజప్పల తోడు

కృపకి అత్త రాసేది.

పది డిస్కులూ పంపుతున్నా. నా పెళ్ళి చీర చింపి చుట్టాను, అంతకన్నా మెత్తటిది ఇంట్లో లేదు.

ఇంక నా మాట విను. నా బిడ్డ పాఠంలో రెండొందల పద్నాలుగు తప్పులా? ఎవరమ్మా దిద్దింది? వాడు ఒక్కో అక్షరం నాలుగేసి సార్లు చెప్పి, నచ్చకపోతే చెరిపేసి మళ్ళీ చెప్పాడు. 'క' దగ్గర కొడవలి బొమ్మ పెట్టాలా, కంకి పెట్టాలా అని వారం రోజులు నా బుర్ర తిన్నాడు. ఏదో ఒకటి పెట్టరా అంటే, "అట్టా కాదమ్మా, నీ చేతిలో ఎప్పుడూ ఉండేది పెట్టాలి" అన్నాడు. పామర్రులో ఆ ఏడు ఎంతమంది ఆడోళ్ళు వేలిముద్ర మానేసి సంతకాలు పెట్టారో నీకేం తెలుసు? అక్కడ క్లాసు నడిపిన సుబ్బరత్నం గారిని అడుగు. తప్పులంట.

దేంతో తోమావంటున్నావు. చింతపండు, బూడిద, కొబ్బరి పీచు. ఇత్తడి బిందె దేంతో తోముతారో దాంతోనే. గీతలు పడ్డాయేమో గానీ ఇప్పుడు మొహం చూసుకోవచ్చు అందులో.

అమలమ్మ
జూలై 29, సింగ్ నగర్

* * *

హైదరాబాద్
6 ఆగస్టు 2025

అత్తా,

తప్పులు బావవి కావు. నేనే తెలివితక్కువగా రాశాను. బావ పాఠంలో ఒక్క వొత్తు కూడా తప్పు పోలేదు. మిషన్ చదవలేకపోయిన చోట్లని మా పనిలో తప్పులంటాం. అవి గీతల తప్పులు.

కోపం తగ్గిందనుకుని అసలు సంగతి చెబుతున్నాను. పదకొండు డిస్కులూ చూశాను. ఒక్కోదానికి ఒక్కోచోట గీతలు. ఒకటి చదవలేని చోట ఇంకోటి చదువుతోంది. అన్నీ కలిపి చాలావరకు పోగు చేస్తున్నాను. కానీ డిస్కు లోపలి నుంచి బయటికి చదువుతారు అత్తా. మొదటి పాఠం నడిమి బెజ్జం దగ్గర ఉంటుంది, చివరిది అంచున ఉంటుంది. నువ్వు తోమేటప్పుడు అంచు పట్టుకుని గట్టిగా రుద్దినట్టున్నావు. పదకొండింటికీ అంచు పోయింది. ముప్పయ్యో పాఠం ఒక్కదాంట్లో మాత్రం వినపడుతోంది. అది కూడా పూర్తిగా కాదు.

గొంతు చదివేటప్పుడు మిషన్ ఒక పని చేస్తుంది. చదవలేని చోట ఖాళీ వదలదు. ముందు మాట, వెనక మాట చూసి మధ్యలో ఇలా ఉండొచ్చని తనే ఊహించి నింపేస్తుంది. వినేవాళ్ళకి తెలీదు. ముప్పయ్యో పాఠం మధ్యలో బావ చెప్పేది ఆపి ఏదో అన్నాడు. రెండు క్షణాలు, అంతే. అక్కడంతా మిషన్ ఊహే. బావ ఏమన్నాడో నాకు తెలియలేదు.

అందుకే ఇప్పుడే నీకు పంపను. తప్పు కాపీ ఒకసారి బయటికెళితే అదే అసలైపోతుంది. ఓపిక పట్టు.

కృప

* * *

కృపకి,

ఇవాళ మరియమ్మ తల్లి మోక్షారోపణ పండుగ. గుడి నుంచి వచ్చి పైన దేవుడి పేరు కూడా రాయకుండా నీకు ఉత్తరం మొదలెట్టా, నాకు అంత మండిపోయింది.

వినపడుతోందని నువ్వే రాశావు. వినపడేదాన్ని నా చెవిన వెయ్యటానికి నీకేం అడ్డమొచ్చింది? ఏడాది నుంచి ఆ ఫోటో ముందు కూర్చుంటున్నా. ఫోటో పలకదు. రెండు క్షణాలు పోతే పోయినయ్, మిగతాది ఇయ్యి. ఎవరికోసమమ్మా అంత కచ్చితం? ఎవరొచ్చి లెక్క అడుగుతారు?

అప్పుడూ ఇంతే. మేమొచ్చి పిల్లనివ్వమని అడిగితే నువ్వు వాడికి సరే అనలేదు. చదువుకోవాలన్నావు. వాడు మళ్ళీ పెళ్ళి మాట ఎత్తితే ఒట్టు. ఇప్పుడు వాడి గొంతుకి కూడా సరే అనట్లేదు.

రాసేశా. కొట్టెయ్యను.

అయినా ఒకటి చెప్పు. మధ్యాన్నం అన్నం తింటుంటే చెయ్యాగిపోయింది. మిషన్ ఊహించి నింపుతది, వినేవాళ్ళకి తెలీదు అన్నావు. అట్టాగయితే నేను వినే దాంట్లో ఎంత నా బిడ్డది? ఎంత మిషన్‌ది? నేను ఏడ్చేది ఎవరి మాటకి?

అంచు పట్టుకుని రుద్దింది నేనే. ఈ చేతులతోనే.

అమలమ్మ
ఆగస్టు 15

* * *

హైదరాబాద్
24 ఆగస్టు 2025

అత్తా,

నీ ప్రశ్నకే జవాబు వెతుకుతున్నాను. ఎంత బావది, ఎంత మిషన్‌ది. నా ఉద్యోగమంతా అదే.

పెళ్ళి మాట నువ్వెత్తావు కాబట్టి ఒక్కసారి చెప్పి వదిలేస్తాను. కాదనమన్నది బావే. పామర్రు బస్టాండులో నిలబడి, "మామయ్య ఇప్పుడు నీకు పెళ్ళి చేస్తే నీ చదువు అటకెక్కుద్ది కృపా. నువ్వే వద్దను. నేను వద్దంటే మా అమ్మ నన్ను తంతది" అన్నాడు. నన్ను మీ ఇంట్లో అందరూ పొగరుబోతన్నారు. బావకి మాటిచ్చాను కాబట్టి ఊరుకున్నాను. ఈ డిస్కులు కాపీ తీసే కోర్సుకి ఫారం తెచ్చిచ్చింది కూడా ఆయనే.

సరే. ఇప్పుడు మంచి కబురు. ఒకటి నుంచి ఇరవై తొమ్మిది పాఠాలు కుదిరాయి. కనీసం రెండు వేరువేరు డిస్కులు, రెండు వేరువేరు డ్రైవుల్లో, అక్షరం తేడా లేకుండా ఒకే సంగతి చెప్పాయి. అక్కడ మిషన్ ఊహ లేదు. అదంతా బావే. పెన్‌డ్రైవులో పెట్టి పంపుతున్నాను. టీవీకి వెనక గుచ్చు.

ముప్పయ్యోది కావాలంటే అంచు బాగున్న డిస్కులు కావాలి. ఒకటి చాలదు, రెండు. ఒక్కటే అయితే అది నిజం చెబుతోందో లేదో పోల్చుకోవడానికి ఉండదు. బావ మూడొందలు పంచాడుగా, ఎక్కడో ఉండే ఉంటాయి. దొరికితే దుమ్ముతో సహా పంపు.

నువ్వు తోమిన పదకొండూ తిప్పి పంపుతున్నాను. ఇంక వాటితో నాకు పని లేదు. పారెయ్యకు.

కృప

* * *

యేసు మరియ జోజప్పల తోడు

మా బంగారు కృపకి అత్త రాసేది.

నీ ఉత్తరానికి నెలన్నర దాకా జవాబివ్వలేదు. సిగ్గేసింది. వాడు నన్ను ఎంత బాగా బోల్తా కొట్టించాడే! "కృపకి ఇష్టం లేదంటమ్మా" అని మొహం వేలాడేసుకుని మరీ చెప్పాడు దొంగ నాయాలు. నువ్వు ఇన్నేళ్ళు మాట మోశావు. ఆగస్టులో రాసిన ఆ మాట నేను కొట్టెయ్యను గానీ, నువ్వు కొట్టెయ్యి.

పాఠాలు విన్నా. మొదటి రోజు ఒక్క 'అ' దగ్గరే ఆపేశా. తర్వాత రోజుకి రెండు. పక్కింటి సంపూర్ణమ్మ కూడా వచ్చి కూర్చుంటాంది.

అక్టోబరు కదా, రోజూ సాయంత్రం జపమాల చెబుతున్నాం. మొన్న నాకు, సంపూర్ణమ్మకి పేచీ వచ్చింది. ఎవరి దండ వాళ్ళం పట్టుకుని మనసులో చెప్పుకుంటున్నాం. నేను సిలువ కాడికి వచ్చేశా, దానికింకా మూడు పూసలున్నయ్. "నువ్వు కునుకు తీసి దాటేశావు వదినా" అంటది. నువ్వే ఒకటి రెండుసార్లు చెప్పావని నేను. ఎవరిది తప్పో ఎట్టా తేలుతది? మళ్ళీ మొదట్నించి చెప్పాం. ఇద్దరం ఒకే పూస మీద ఆగాం. అప్పుడు తట్టింది నాకు. ఒక్కదాన్నే చెప్పుకుంటే ఎక్కడ దాటానో నాకే తెలీదు. ఇద్దరం విడివిడిగా చెప్పి ఒకే చోట ఆగామంటే, ఎవరూ దాటలేదని. నువ్వు రెండు డిస్కులు కావాలంది ఇందుకేగా? ముందే ఇట్టా చెప్పుంటే ఆ కోపమంతా తప్పేది కదే!

మర్నాడే పామర్రు బస్సెక్కా. సుబ్బరత్నం గారు నన్ను గుర్తుపట్టి వాటేసుకుంది. వాడి సంగతి ఆమెకి తెలీదు. చెప్పా.  విని, లేచెళ్ళి ట్రంకుపెట్టె తీసింది. పట్టు జాకెట్లో చుట్టి, క్లాసు ఆడోళ్ళ మొదటి సంతకాల పుస్తకంతో కలిపి దాచింది ఒక డిస్కు. "ఇది మా బడండీ, పారేస్తామా?" అంది. దానిమీద గోటి గీత కూడా లేదు.

ఇంకొకటి కూడా ఉందా అండీ అంటే ఆమె గొంతు తగ్గించింది. పెరట్లోకి చూపించింది. చిక్కుడు పందిరి మీద వేలాడతాంది! పిట్టల్ని బెదరగొట్టటానికి వాళ్ళాయన రామకోటేశ్వరరావు గారు మొన్న వేసంగిలో కట్టారంట.

ఆయన ఇయ్యనన్నారు. "అది తీస్తే చిలకలు నా చిక్కుళ్ళు ఒక్కటి మిగల్చవమ్మా. మీకు డిస్కు ముఖ్యం, నాకు పందిరి ముఖ్యం" అని పడక్కుర్చీలోంచి లేవలేదు. సుబ్బరత్నం గారు, "సిగ్గు లేకపోతే సరి, ఆవిడ బిడ్డ గొంతండీ అది" అని గయ్యిమంది. "గొంతయితే పిట్టలెందుకు బెదురుతున్నయ్యే? మెరుపుకి బెదురుతున్నయ్" అంటాడాయన.

అప్పుడు నేను సంచీ తీశా. నువ్వు తిప్పి పంపినవి చూపించి ఇట్టాంటివే ఉన్నాయా అని అడుగుదామని పట్టుకెళ్ళా. "బాబుగారూ, మెరుపు కావాలంటే ఇవి చూడండి. చింతపండేసి తోమినయ్" అని ఒకటి ఎండకి పట్టా. ఆయన కళ్ళు మూసుకున్నాడు! అంత మెరుపు. ఒకటి అడిగితే రెండు కట్టా. నా చేత్తో చెడగొట్టిన డిస్కే నా బిడ్డ డిస్కుని విడిపించింది కృపా. బస్సులో ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే కండక్టరు నాకేసి అదోలా చూశాడు.

రెండూ పంపుతున్నా. పందిరి డిస్కు మీద పిట్ట రెట్ట ఉంది. చేతులు పీకుతున్నయ్. కుళాయి కాడికి రెండుసార్లు వెళ్ళి వెనక్కొచ్చా. తోమలేదు. అట్టాగే చుట్టేశా.

సమాధుల పండక్కి ఇంక మూడు వారాలే ఉంది.

మీ అత్త
అమలమ్మ
అక్టోబరు 12, సింగ్ నగర్

* * *

హైదరాబాద్
24 అక్టోబరు 2025

అత్తా, అత్తా, అత్తా!

ఒకే పూస మీద ఆగాయి!

వరసగా చెబుతాను. ట్రంకుపెట్టె డిస్కు ఒక్క తప్పు లేకుండా చదివింది. మూడు డ్రైవుల్లోనూ. పందిరి డిస్కుని మంచినీళ్ళలో నానబెట్టి, మెత్తటి గుడ్డతో నడిమి నుంచి అంచుకి నిలువుగా తుడిచాను. ఇంకెప్పుడూ గుండ్రంగా తుడవకు. మొదట్లో మొరాయించింది. రెండు రోజులు నెమ్మదిగా, చిన్న పిల్లాడికి అన్నం తినిపించినట్టు చదివించాను. చివరికి అంతా ఇచ్చింది.

తర్వాత రెండు కాపీలకీ విడివిడిగా సంఖ్య తీశాను. డిస్కులో ఉన్న ప్రతి చుక్కనీ లెక్కలోకి తీసుకుని కంప్యూటరు చివరికి ఒక సంఖ్య చెబుతుంది. ఒక్క చుక్క మారినా సంఖ్య మొత్తం మారిపోతుంది. మేం దాచుకునే సంఖ్య చాంతాడంత పొడుగుంటుంది. నీకోసం పొట్టి రకం కూడా తీశాను. ట్రంకుపెట్టె డిస్కుది ఇది:

92E407B1

పందిరి డిస్కుది:

92E407B1

నువ్వే పోల్చి చూడు. ఇంగ్లీషు అక్షరాలు రెండే ఉన్నాయి, బొమ్మలా చూసినా చాలు. ఇదివరకు నువ్వు తోమినవాటి నుంచి పోగు చేసిన ఇరవై తొమ్మిది పాఠాలు కూడా దీంతో అచ్చంగా సరిపోయాయి. అంటే నీ పదకొండూ అబద్ధం చెప్పలేదు, అంచున నోరు పడిపోయింది అంతే.

మా లైబ్రరీలో 'అమ్మ పలక' పూర్తి కాపీగా చేరింది. తయారుచేసినవారు: శౌరయ్య, విజయవాడ. కింద ఆ సంఖ్య. వందేళ్ళ తర్వాత ఎవరు కాపీ తీసుకున్నా, ఆ సంఖ్య వస్తే అది బావ చేసిందే. రాకపోతే కాదు.

ముప్పయ్యో పాఠంలో ఆ రెండు క్షణాలు నేను విన్నాను. ఏముందో రాయను. నువ్వే విను. పెన్‌డ్రైవు ఇందులోనే ఉంది. నేను ఒకటో తారీఖు రాత్రి బండికి బయల్దేరదామనుకున్నాను గానీ సెలవు దొరకలేదు. నాన్న వస్తున్నాడు. తనే టిక్కెట్టు తీసుకున్నాడు, నేనడగలేదు.

నీ
కృప

* * *

విజయవాడ
2 నవంబరు 2025

ప్రియమైన కృపకు,

తేదీ పైన రాశా చూశావా? ముప్పయ్యో పాఠం ఉత్తరం రాసే పాఠమేనే! నాకు అప్పట్లో తెలుసు. ఇరవై తొమ్మిది అయ్యాక వాడు ఇంకొక్కటి ఉందమ్మా అంటే, "ఉత్తరాలు నాకెందుకురా, నువ్వు ఇంట్లోనే ఉంటివి, ఎవరికి రాయాలి?" అని లేచిపోయా. ఇరవై రెండేళ్ళకి మొన్న కూర్చున్నా ఆ పాఠానికి.

పైన కుడిపక్క ఊరు, తేదీ రాయండి అన్నాడు. రాశా. పెద్దవాళ్ళకయితే గౌరవంగా, చిన్నవాళ్ళకయితే ప్రేమగా పిలవండి అన్నాడు. పిలిచా. తర్వాత మీ మనసులో మాట రాయండి అంటుండగా వెనకాల ఎవరో ఆడమనిషి గట్టిగా అరిచింది.

"ఒరే శౌరీ! అన్నం చల్లారిపోతాంది రా!"

నేనే. వంటింట్లోంచి. నా గొంతు నేనే గుర్తుపట్టలేదు, అంత వయసులో ఉంది. వాడు పాఠం ఆపాడు. నవ్వాడు. "వస్తన్నానమ్మా!" అన్నాడు. మళ్ళీ గొంతు సవరించుకుని, "ఆ, ఎక్కడున్నాం, మనసులో మాట" అని చెప్పుకుపోయాడు. నచ్చకపోతే ప్రతిదీ చెరిపి మళ్ళీ చెప్పేవాడు ఇది చెరపలేదు. మూడొందల డిస్కుల్లోనూ అచ్చు వేయించాడు.

నువ్వు ఆగస్టులోనే ఇచ్చేసి ఉంటే, అక్కడ మిషన్ ఊహించిన బరబర విని, అదే నా బిడ్డ పాఠమనుకుని చచ్చేదాన్ని. నీ మొండితనానికి నా దండం.

ఇవాళ సమాధుల తోటకి అందరం వెళ్ళాం. మీ నాన్న పొద్దున్నే దిగాడు. కాఫీ తాగి, "ఎట్టా ఉన్నావక్కా" అన్నాడు. తనే అడిగాడు! సుబ్బరత్నం గారు పామర్రు నుంచి ఆ సంతకాల పుస్తకం తెచ్చింది, ఆమెతో పాటు, ఆమె క్లాసులో చదివిన ఐదుగురు ఆడోళ్ళొచ్చారు. రామకోటేశ్వరరావు గారు సంచీడు చిక్కుడుకాయలు మోసుకొచ్చాడు. "మీ డిస్కులకి ఒక్క చిలకా వాలట్లేదమ్మా" అన్నాడు. నేను మొన్ననే సమాధి మీద వాడి పేరు కింద నువ్వు పంపిన ఆ సంఖ్య, ఎనిమిది అక్షరాలూ సున్నంతో రాయించా. ఫాదర్ గారు తీర్థం చల్లుతూ ఆగి, "ఇదేం వాక్యం అమలమ్మా, ఏ సువార్త?" అన్నారు.

"వాడు ఒక్క పూస కూడా తప్పిపోలేదని ఫాదర్" అన్నా.

ఆయనకి అర్థమైందో లేదో గానీ దానిమీద కూడా తీర్థం చల్లారు.

కొవ్వొత్తులు వెలిగించి స్పీకరు పెట్టాం. ముప్పయ్యో పాఠమే. చుట్టుపక్కల సమాధుల వాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. నేనక్కడ అరవటం, వాడు నవ్వటం వచ్చేసరికి పామర్రు ఆడోళ్ళు గొల్లున నవ్వారు. సమాధుల తోటలో నవ్వు! మీ నాన్న ఒక్కడే ఏడ్చాడు. "మళ్ళీ పెట్టండి" అన్నారెవరో. మళ్ళీ పెట్టాం. ప్రతిసారీ నేను పిలుస్తున్నా. ప్రతిసారీ వస్తన్నానమ్మా అంటున్నాడు.

ఉత్తరం చివర్లో మీరు ఎవరో రాయండి, పేరొక్కటే చాలదు, ఎదుటివాళ్ళకి మీరు ఏమవుతారో కూడా రాయండి అన్నాడు. ఇన్నాళ్ళూ నాకు ఇది తెలీక వట్టి అమలమ్మ, అత్త అని రాశా.

ఇట్లు
నీ మేనత్త,
శౌరయ్య దగ్గర మొదట అక్షరాలు దిద్దిన
వాళ్ళమ్మ అమలమ్మ